సంతకం పెట్టేముందు గ్రేటర్ నోయిడా వెళ్లి చూడండి

ఫార్ములా వన్ రేసును మళ్లీ మన దేశానికి రప్పించాలన్న మాట గట్టిగానే వినబడుతోంది. 2013 తర్వాత ఆ కార్లు తిరగని ట్రాక్‌ను దులిపి సిద్ధం చేయవచ్చని ఒకరంటే, మా నగరంలోనే కొత్తది కడతామని ఇంకొకరు అంటారు. రేసు వస్తే పర్యాటకం పెరుగుతుందని, పెట్టుబడులు వస్తాయని, ప్రపంచ పటంలో మన పేరు ఎక్కుతుందని చెప్తారు. ఈ మాటలు మన దేశం ఇంతకుముందే విన్నది. విని, నమ్మి, భూములిచ్చి, పన్ను మినహాయింపులిచ్చి, మూడంటే మూడు రేసులు చూసింది.

అందుకే ఈ హెచ్చరిక ఇప్పుడే. ఇలాంటి ఒప్పందాల సంగతి జనానికి తెలిసేది సంతకాలు అయిపోయాకే. అప్పుడు ఎంత మొత్తుకున్నా వెనక్కి తీసుకోవడానికి ఏమీ మిగలదు. ప్రజల భూమితోనో, డబ్బుతోనో, రోడ్లతోనో ముడిపడిన ఏ రేసు ఒప్పందాన్నీ జనం ముందు పెట్టకుండా కుదుర్చుకోనివ్వకండి. ఎందుకంత పట్టుగా చెప్తున్నామో తెలియాలంటే ఇండియన్ గ్రాండ్ ప్రి చరిత్రను మొదటి నుంచీ చూడాలి.

ఆ చరిత్రలో మన ఊరి పేరు కూడా ఉంది. 2003 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫార్ములా వన్‌ను హైదరాబాద్‌కు తేవాలని గట్టిగా ప్రయత్నించింది. గోపన్‌పల్లి వైపు స్థలం కూడా చూశారు. అది ముందుకు సాగలేదు. 2007లో అప్పటి భారత ఒలింపిక్ సంఘం అధ్యక్షుడు సురేశ్ కల్మాడీ, ఫార్ములా వన్ అధిపతి బెర్నీ ఎకిల్‌స్టన్‌ల మధ్య ఢిల్లీ పరిసరాల్లో రేసు జరపాలన్న అవగాహన కుదిరింది. నిర్వహణ జేపీ గ్రూపు చేతికి వచ్చింది. ముందు అనుకున్న గడువు దాటిపోయి, చివరికి 2011 అక్టోబరు 30న తొలి రేసు జరిగింది.

ఆ రోజు నిజంగా గొప్ప రోజే. దాన్ని తక్కువ చేసి చెప్పడం అన్యాయం. గ్రేటర్ నోయిడాలో జర్మన్ నిపుణుడు హెర్మన్ టిల్కే గీసిన 5.125 కిలోమీటర్ల బుద్ధ్ సర్క్యూట్‌ను డ్రైవర్లు మెచ్చుకున్నారు. 60 ల్యాపుల రేసులో సెబాస్టియన్ వెటెల్ మొదటి నుంచి చివరి దాకా ముందే ఉన్నాడు. సచిన్ టెండూల్కర్ గళ్ల జెండా ఊపాడు. నారాయణ్ కార్తికేయన్ సొంత గడ్డమీద రేసు పూర్తి చేసి 17వ స్థానంలో నిలిచాడు. దాదాపు 95 వేల మంది వచ్చారు. శుక్రవారం ప్రాక్టీసులో ఒక వీధికుక్క ట్రాక్ మీదికి వచ్చి, కాసేపు సెషన్‌నే ఆపాల్సి వచ్చినా, కార్లు పక్కకు జరిగినప్పుడల్లా దుమ్ము లేచినా, ఆ మూడు రోజులూ దేశం ఉప్పొంగింది.

మర్నాటి నుంచి లెక్కలు మొదలయ్యాయి. రెండో ఏడాది ప్రేక్షకులు సుమారు 65 వేలకు పడిపోయారు. మూడో ఏడాది, 2013 అక్టోబరు 27న, వెటెల్ ఇక్కడే గెలిచి తన నాలుగో ప్రపంచ టైటిల్ ఖాయం చేసుకున్నాడు. స్టాండ్ల ముందు కారును గిరగిరా తిప్పి, దాని ముందు మోకరిల్లి దణ్ణం పెట్టాడు. ఆ దృశ్యం చూసిన వారెవరూ మరిచిపోరు. కానీ రేసు మొదలవడానికి ముందే తెలిసిపోయింది, 2014 క్యాలెండర్‌లో భారత్ పేరు లేదని. ఐదేళ్ల ఒప్పందం మూడేళ్లకే ఆగింది. 2015లో తిరిగి వస్తుందన్నారు. రాలేదు.

ఎందుకు ఆగింది? పన్నుల గొడవ వల్ల అని అందరూ ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది నిజమే కానీ పూర్తి నిజం కాదు. అసలు చిక్కు ఆ వ్యాపారం కట్టిన తీరులోనే ఉంది, మన పాలకులు చదవాల్సింది అదే.

ఫార్ములా వన్ రేసు ఒక దేశానికి ఊరికే రాదు. రేసు జరుపుకొనే హక్కు కోసం స్థానిక ప్రమోటరు ఏటా ఫీజు కట్టాలి. మన దగ్గర ఆ ఒప్పందం 2011 సెప్టెంబరు 13న, అంటే రేసుకు ఏడు వారాల ముందు, జరిగింది. ఫీజు 4 కోట్ల డాలర్లు. ట్రాక్ కట్టడానికైన సుమారు 2 వేల కోట్ల రూపాయలు దీనికి వేరు. సరే, ఇంత కట్టినవాడికి ఏం వస్తుంది? టీవీ హక్కులు అతనివి కావు. ట్రాక్ చుట్టూ కనబడే ప్రకటనలు అతనివి కావు. లక్షలు పోసి అతిథులు కూర్చునే ప్యాడక్ క్లబ్ ఆదాయమూ అతనిది కాదు. ఒప్పందం కుదిరిన ఆ రోజే సర్క్యూట్ మీది వాణిజ్య హక్కులను జేపీ సంస్థ ఫార్ములా వన్ అనుబంధ సంస్థకే తిరిగి రాసిచ్చింది. ఇంకా విచిత్రం, రేసు పేరు ముందు ‘ఎయిర్‌టెల్’ అని పెట్టుకునే హక్కును అదే అనుబంధ సంస్థ దానికి నెల ముందే 80 లక్షల డాలర్లకు అమ్మేసుకుంది. పందిరి వేసి వంట ఖర్చు భరించేది ఒకరు, చదివింపుల పళ్లెం దగ్గర కూర్చునేది ఇంకొకరు. ప్రమోటరుకు చివరికి మిగిలేవి టిక్కెట్లు. ఆ టిక్కెట్లు 2,500 రూపాయల నుంచి 35 వేల దాకా పలికాయి. మన దేశంలో ఆ ధరకు ఏటేటా లక్షమందిని రప్పించడం ఎవరి తరమూ కాదని రెండో ఏడాదికే రుజువైంది.

ఈ వివరాలన్నీ మనకు తెలిసింది ప్రమోటరు చెప్తేనో ప్రభుత్వం బయటపెడితేనో కాదు. పన్ను గొడవ కోర్టుకెక్కితే తెలిశాయి. భారత్‌లో సంపాదించిన దానికి భారత్‌లో పన్ను కట్టాలా వద్దా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మూడు రోజుల పాటే అయినా బుద్ధ్ సర్క్యూట్ మొత్తం ఫార్ములా వన్ సంస్థ అధీనంలోనే ఉందని, అది ఇక్కడ దానికి ఉన్న స్థిరమైన వ్యాపార స్థావరమేనని, కాబట్టి పన్ను కట్టాల్సిందేనని 2017 ఏప్రిల్ 24న జస్టిస్ ఎ.కె. సిక్రీ, జస్టిస్ అశోక్ భూషణ్‌ల ధర్మాసనం తేల్చింది. గేటు తాళం, ఎవరు లోపలికి రావాలో చెప్పే పాసు, ఎవరి పేరు ఎక్కడ కనబడాలన్న నిర్ణయం, అన్నీ వాళ్ల చేతిలోనే ఉన్నప్పుడు అది వాళ్ల వ్యాపారం కాక మరెవరిదని కోర్టు సూటిగా అడిగినట్టే ఉంటుంది ఆ తీర్పు. రేసు కావాలని ఉబలాటపడే ప్రతి ముఖ్యమంత్రి, ప్రతి మంత్రి, ప్రతి కార్యదర్శి ఆ తీర్పును ఒక్కసారైనా పూర్తిగా చదవాలి.

ఇంకో సంగతి. 2009లో కేంద్ర క్రీడల శాఖ ఈ రేసును క్రీడగా గుర్తించడానికి ఒప్పుకోలేదు. ఇది వాణిజ్యపరమైన వినోదమని చెప్పి, ఫీజును విదేశాలకు పంపే అనుమతిని నిరాకరించింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం మాత్రం వినోదపు పన్ను మినహాయించింది. దాని మీద సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. టిక్కెట్ల అమ్మకంలో 25 శాతాన్ని విడిగా ఒక ఖాతాలో ఉంచమని, తొలి రేసుకు కొద్ది రోజుల ముందే కోర్టు ఆదేశించాల్సి వచ్చింది. అంటే ఒక ప్రభుత్వం క్రీడ కాదన్న దానికి ఇంకొక ప్రభుత్వం క్రీడ పేరుతోనే రాయితీలిచ్చింది. ముందుగా తేల్చుకోవాల్సిన ఈ ప్రశ్నను తేల్చుకోకుండా రేసు జరిపారు. బయటి నుంచి వచ్చే కార్లకు, టైర్లకు, ఇంజిన్లకు కస్టమ్స్ సుంకాల చిక్కులు దానికి తోడయ్యాయి.

ఇక భూమి. దీన్ని మిగతా వాటితో కలిపి గబగబా చెప్పి దాటేయలేం.

బుద్ధ్ సర్క్యూట్ ఒంటరిగా పుట్టింది కాదు. యమునా ఎక్స్‌ప్రెస్‌వే అనే పెద్ద ప్రాజెక్టులో, సుమారు వెయ్యి హెక్టార్ల ప్రత్యేక అభివృద్ధి మండలంలో అదొక భాగం. ట్రాక్ చుట్టూ స్పోర్ట్స్ సిటీ, అందులో ఇళ్లు, ఫ్లాట్లు. ఆ ఎక్స్‌ప్రెస్‌వే ప్రాంతపు భూసేకరణ మీద రగిలిన రైతుల ఆందోళనే 2011 మే 7న భట్టా పర్సౌల్‌లో ప్రాణాలు పోయేదాకా వెళ్లింది. చనిపోయిన వాళ్లలో రైతులున్నారు, పోలీసులూ ఉన్నారు. ఆ రక్తం ఆరకముందే, ఆరు నెలలు తిరక్కుండానే, అదే జిల్లాలో జెండా ఊపి రేసు మొదలుపెట్టారు. సరైన పరిహారం దక్కలేదని చుట్టుపక్కల రైతులు రేసు రోజుల్లో నిరసన తెలుపుతామని హెచ్చరిస్తే పోలీసు బందోబస్తు పెంచారు తప్ప జవాబు చెప్పలేదు.

తర్వాతేమైంది? బకాయిలు కట్టలేదని యమునా ఎక్స్‌ప్రెస్‌వే ప్రాధికార సంస్థ 2020లో ఆ వెయ్యి హెక్టార్ల కేటాయింపునే రద్దు చేసింది. 2025 మార్చిలో అలహాబాద్ హైకోర్టు ఆ రద్దును సమర్థించింది. ఈలోగా జేపీ గ్రూపులోని జైప్రకాశ్ అసోసియేట్స్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. స్పోర్ట్స్ సిటీలో ఇల్లు వస్తుందని డబ్బు కట్టిన మామూలు కుటుంబాలు ఏళ్ల తరబడి ఒకవైపు బ్యాంకు ఈఎంఐ, మరోవైపు ఇంటి అద్దె కడుతూ ఎదురుచూశాయి. రైతుకు పొలం పోయింది, కొన్నవాడికి ఇల్లు రాలేదు, దేశానికి రేసూ మిగల్లేదు.

క్రీడ పేరుతో భూమి చేతులు మారడం మనకు తెలియని వ్యవహారమా? 2003-04లో హైదరాబాద్‌లో ఐఎంజీ భారత అనే సంస్థకు అంతర్జాతీయ క్రీడా అకాడమీలు కడతారని చెప్పి గచ్చిబౌలి వైపు 400 ఎకరాలు, మామిడిపల్లిలో 450 ఎకరాలు కేటాయించారు. 2006లో తర్వాతి ప్రభుత్వం రద్దు చేసింది. ఆ రద్దు సరైనదేనని తెలంగాణ హైకోర్టు తేల్చేసరికి 2024 మార్చి వచ్చింది. దాదాపు ఇరవై ఏళ్లు. 2025లో విద్యార్థులు రోడ్డెక్కిన కంచ గచ్చిబౌలి వివాదంలో ఉన్నది ఆ 400 ఎకరాలే. క్రీడాభివృద్ధి అని మొదలైన ఒక్క కాగితం ఒక తరాన్ని కోర్టుల చుట్టూ తిప్పగలదని చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

ఫార్ములా-ఈ రేసు సంగతి ఇంకా పచ్చిగానే ఉంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున, కొత్త సచివాలయం పక్క నుంచి, 2.83 కిలోమీటర్ల రోడ్డు ట్రాక్ మీద విద్యుత్ కార్ల రేసు జరిగింది. ఫ్రెంచి డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. టీవీలో నగరం అందంగా కనిపించింది. దానికి ముందు, తర్వాత రోజుల తరబడి ఎన్టీఆర్ మార్గ్, ఖైరతాబాద్, లక్డీకాపూల్ వైపు వెళ్లే వాళ్లు పడిన పాట్లు ఆ కెమెరాలకు అందలేదు. తొలి ఏడాది ప్రమోటరుగా ఉన్న ప్రైవేటు సంస్థ తప్పుకుంది. రెండో ఏడాదికి ఆ భారాన్ని ప్రభుత్వ విభాగం తలకెత్తుకుంది. సుమారు 55 కోట్ల రూపాయలు హెచ్‌ఎండీఏ ఖాతా నుంచి వెళ్లాయి. ప్రభుత్వం మారింది, 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రేసు రద్దయింది, డబ్బు చెల్లింపులో నిబంధనలు పాటించలేదన్న ఆరోపణతో అదే ఏడాది డిసెంబరులో ఏసీబీ కేసు పెట్టింది. ఎవరిది తప్పో చెప్పాల్సింది కోర్టు, ఆ మాట మేం చెప్పబోవడం లేదు. మేం అడిగేది వేరు. ప్రైవేటు ప్రమోటరు వదిలేసుకున్న రేసును ప్రజల డబ్బుతో జరపాలన్న నిర్ణయం మీద శాసనసభలో ముందుగా చర్చ ఎందుకు జరగలేదు? జరిగి ఉంటే, కేసు అవసరమే రాకపోయేదేమో.

బుద్ధ్ సర్క్యూట్‌కే ఇంకో అవకాశం వచ్చిందని మరిచిపోకూడదు. 2023 సెప్టెంబరులో మోటోజీపీ, అంటే ప్రపంచ స్థాయి మోటార్‌సైకిల్ గ్రాండ్ ప్రి, అక్కడ జరిగింది. ఏడేళ్ల ఒప్పందం అన్నారు. వీసాలు సమయానికి అందక బృందాలు ఇబ్బంది పడ్డాయి. ఎండ తీవ్రతకు రేసును 21 ల్యాపులకు కుదించారు, అయినా రేసు ముగిశాక హోర్హే మార్టిన్ నీరసించి కూలబడ్డాడు. మార్కో బెజెక్కి గెలిచాడు. మరుసటి ఏడాది భారత్ పేరు క్యాలెండర్‌లోంచి పోయింది. ఏడేళ్ల మాట ఒక్క రేసుతో ఆగింది.

ఇది మన ఒక్కరి వైఫల్యం అనుకుని తల దించుకోనక్కర్లేదు. దక్షిణ కొరియా యోంగామ్‌లో 2010 నుంచి 2013 దాకా రేసు నడిపి, నష్టాలు మోయలేక మానుకుంది. ట్రాకూ, అనుభవమూ, పర్యాటకులూ ఉన్న మలేసియా కూడా 19 ఏళ్లు నడిపాక, ఖర్చుకు తగ్గ ఫలితం లేదని 2017తో సెలవు చెప్పింది. వియత్నాం హనోయ్‌లో 2020 రేసు కోసం ట్రాక్ కట్టి, ఒక్క రేసూ చూడలేదు. సింగపూర్ లాంటి చోట్ల నడుస్తోంది కదా అంటారు. నడుస్తోంది, నిజమే. ఆ నగర రాజ్యం పర్యాటక ఆదాయం మీద ఎంత ఆధారపడుతుందో, ఆ రేసు మీద ప్రభుత్వమే ఎంత ఖర్చు పెడుతుందో కూడా చెప్పి మాట్లాడాలి.

మేం రేసులకు వ్యతిరేకులం కాం. ఈ మాట మనస్ఫూర్తిగా చెప్తున్నాం. మోటార్ రేసింగ్ సాహసం, శాస్త్రం, కఠోర శిక్షణ కలిసిన ఆట. దాన్ని ప్రేమించేవాళ్లు తెలుగునాట వేలల్లో ఉన్నారు. సింగపూర్, అబుధాబి రేసులకు డబ్బు కూడబెట్టుకుని వెళ్లే కుర్రాళ్లున్నారు. ఆ ప్రేమ మీద గౌరవంతోనే ఒక నిజం చెప్పాలి. మన దేశం నుంచి ఫార్ములా వన్‌లోకి వెళ్లిన ఇద్దరు డ్రైవర్లూ ఇక్కడ గ్రాండ్ ప్రి లేని రోజుల్లో తయారైనవాళ్లే. కార్తికేయన్ 2005లో, కరుణ్ చందోక్ 2010లో అక్కడికి చేరారు. వాళ్ల వెనక ఉన్నది వేల కోట్ల ప్రాజెక్టు కాదు. షోళవరం పాత విమానాల రన్‌వే మీద పోటీలు నడిపిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ లాంటి సంస్థల పట్టుదల, 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో వాళ్లు కట్టుకున్న ట్రాక్, కోయంబత్తూరు మెకానిక్కుల పనితనం. బుద్ధ్ సర్క్యూట్ వచ్చాక మన దేశం నుంచి కొత్తగా ఒక్కరూ ఫార్ములా వన్ రేసు ప్రారంభ రేఖ మీద నిలబడలేదు. ఆటను పెంచాలన్న కోరిక నిజమైతే పిల్లలకు అందుబాటు ధరలో కార్టింగ్ ట్రాకులు, శిక్షణ పొందిన మార్షల్స్, ట్రాక్ పక్కన సిద్ధంగా ఉండే వైద్యులు కావాలి. వీటికయ్యే ఖర్చు ఒక్క ఏడాది హోస్టింగ్ ఫీజులో చిన్న భాగం.

ఇక మీరు వెంటనే జాగ్రత్తపడాల్సిన విషయాలు. రేసు వస్తోందన్న వార్త పత్రికలో రాకముందే రియల్ ఎస్టేట్ బ్రోషరులో వస్తుంది. ‘ఇంటర్నేషనల్ రేస్ ట్రాక్ పక్కనే, ప్రీ-లాంచ్ ధర, ఈ ఆదివారం వరకే’ అని వాట్సాప్‌లో ఒక రంగురంగుల బొమ్మ తిరుగుతుంది. సైట్ విజిట్‌కు కారు పంపిస్తారు, భోజనం పెడతారు, టోకెన్ అడ్వాన్స్ అడుగుతారు. ఆ టోకెన్ ఇవ్వకండి. రెరా నంబరు ఉందా, ఉంటే ఆ నంబరు రెరా వెబ్‌సైట్‌లో కొడితే అదే ప్రాజెక్టు వస్తోందా, భూమి ఎవరి పేరున ఉంది, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)లో ఏముంది అని చూడండి. ట్రాక్ వస్తుందన్న మాటకు ఆధారంగా జీవో చూపించమనండి. ట్రాక్ ఆగితే ఆ ప్లాటు ధర ఎంత ఉంటుందో మీకు మీరే లెక్కేసుకుని, ఆ ధరకే కొనగలిగితే కొనండి. గ్రేటర్ నోయిడాలో కొన్నవాళ్లు మనకంటే తెలివి తక్కువవాళ్లు కాదు. వాళ్లకూ ఇలాంటి బొమ్మలే చూపించారు.

భూములున్న రైతులకు ఇంకో మాట. పూలింగ్ అన్నా, సేకరణ అన్నా, క్రీడా ప్రాజెక్టు అన్నా, నోటీసులో ప్రజా ప్రయోజనం అని ఏం రాశారో అక్షరం అక్షరం చదివించుకోండి. అనుకున్న ప్రాజెక్టు రాకపోతే భూమి ఎవరికి పోతుందన్న ప్రశ్నకు గ్రామసభలోనే రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. పరిహారం నోటిమాటగా పెంచుతామన్న హామీకి విలువ లేదు.

నగరంలో వీధి రేసు అంటే, ఏ రోడ్లు ఎన్ని రోజులు మూస్తారు, ఆ రోజుల్లో నిమ్స్‌కు, ఉస్మానియాకు వెళ్లే అంబులెన్సు ఏ దారిన పోవాలి, ఎన్ని చెట్లు కదులుతాయి, పోలీసు బందోబస్తు ఖర్చు ఎవరు కట్టాలి అన్నవి టిక్కెట్ల అమ్మకం మొదలవకముందే ప్రకటించాలని పట్టుబట్టండి. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేని రేసును నగరం నడిబొడ్డున జరపనివ్వకూడదు.

ప్రభుత్వాలకు మా డిమాండు సూటిగా ఉంది. ఒప్పందం ముసాయిదా, హోస్టింగ్ ఫీజు ఎంత, ఏటా ఎంత పెరుగుతుంది, ప్రమోటరు చేతులెత్తేస్తే భారం ఎవరి మీద పడుతుంది, టీవీ, ప్రకటనల ఆదాయంలో రాష్ట్రానికి ఎంత వాటా, పన్ను మినహాయింపుల మొత్తం ఎంత, ఇవన్నీ సంతకానికి కనీసం మూడు నెలల ముందు శాసనసభలో పెట్టాలి. వాణిజ్య రహస్యం అని దాచడం కుదరదు. కట్టేది మన డబ్బు, ఇచ్చేది మన భూమి అయినప్పుడు మన దగ్గర దాచాల్సిన రహస్యం ఏముంటుంది? విదేశాలకు ఒక్క రూపాయి వెళ్లాలన్నా ఆర్థిక శాఖ, మంత్రివర్గం ముందుగా ఆమోదించిన ఫైలు ఉండాలి, ఆ ఫైలును కాగ్‌కు చూపించాలి.

2011 సెప్టెంబరు 13 నాటి ఒప్పందంలో ఏముందో దేశానికి వివరంగా తెలిసింది కోర్టు తీర్పుల్లోనే, రేసులు ఆగిపోయి ఏళ్లు గడిచాక. ఈసారి అలా జరగకూడదనుకుంటే మీ ఎమ్మెల్యేకు ఈ వారమే ఒక ఉత్తరం రాయండి. మన రాష్ట్రం ఏ రేసు సంస్థతోనైనా చర్చలు జరుపుతోందా, జరిపితే ఎవరు, ఏ షరతుల మీద జరుపుతున్నారో సభలో ప్రశ్న వేయమని అడగండి. జవాబు రాకపోతే పౌర సమాచార అధికారికి సమాచార హక్కు చట్టం కింద అదే ప్రశ్న పంపండి. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు.